మాస్టారి జవాబులు: కాసినిని శనిలో పడేశారెందుకు?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. "కాసిని అంతరిక్ష నౌక బాగానే పనిచేస్తుంటే శని గ్రహంలో ఎందుకు పడేశారమ్మా?" అని ప్రాణం తీస్తోంది. వెనక్కి రప్పించలేరా? పోనీ, అక్కడే తిరగనిస్తే ఏం పోయేది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పేరుకే కాసిని గానీ, బయల్దేరినప్పుడు దాని బరువు ఐదున్నర టన్నుల పైమాటేనమ్మా. అందులో సగానికి పైగా ఇంధనమే. చివరికి నిండుకున్నదీ అదే. ప్లుటోనియం వేడితో తయారయ్యే కరెంటుకి లోటు లేదు, పరికరాలూ పనిచేస్తున్నాయి. దారి మళ్లించుకునే ఇంధనమే అడుగంటింది. పెట్రోలు అయిపోయిన బండికి హారన్ మోగుతుంది, లైటు వెలుగుతుంది, బండి మాత్రం కదలదు. ఇదీ అంతే.

వెనక్కి రావడం అయ్యే పని కాదు. వెళ్లేటప్పుడే సొంత బలం చాలక శుక్రుడి పక్కగా రెండుసార్లు, భూమి పక్కగా, గురుడి పక్కగా ఒక్కోసారి వెళ్లి వేగం అరువు తెచ్చుకుంది. 1997 అక్టోబరు 15న బయల్దేరితే 2004 జూలై 1కి చేరింది. చేరాక ఇంజన్‌ని 96 నిమిషాలు మండిస్తే గానీ శని దాన్ని పట్టుకోలేదు. శని పట్టాలని ఇంత కష్టపడింది లోకంలో ఇదొక్కటే కాబోలు!

ఇక అక్కడే తిరగనివ్వడానికి అడ్డం ఎన్సెలడస్ అనే చందమామ. మ్యాపు మీద హైదరాబాదు నుంచి విశాఖకి తిన్నగా గీత గీస్తే ఎంతో, దాని అడ్డుకొలత అంత: 500 కిలోమీటర్లు. దాని దక్షిణ ధ్రువం దగ్గరి పగుళ్లలోంచి నీటి ఆవిరి, మంచు పొడి చిమ్ముతున్నాయని 2005లో కనిపెట్టింది కాసినే. తర్వాత ఆ జల్లులోకే దూరింది. 2015 అక్టోబరులో అయితే నేలకి 49 కిలోమీటర్ల ఎత్తునే దూసుకెళ్లింది. ఉప్పు, కర్బన పదార్థాలు, హైడ్రోజన్ దొరికాయి. అంటే మంచు పొర కింద ఉప్పునీటి సముద్రం, దాని అడుగున రాళ్ల దగ్గర వేడి. జీవం ఉందని కాదు, ఉండటానికి వీలుందని.

నౌక మీద మన సూక్ష్మక్రిములు కొన్ని బతికే ఉండొచ్చు. అదుపు తప్పిన నౌక ఎప్పుడో ఎన్సెలడస్ మీదో, శని మరో చందమామ టైటాన్ మీదో పడితే, రేపు అక్కడ దొరికే క్రిమి అక్కడిదో, మనం మోసుకెళ్లిందో ఎలా తేలుతుంది? అందుకే దాన్ని శని వాతావరణంలోకి తోసి కాల్చేశారు. నీళ్లు కనిపెట్టడమే దాని ప్రాణం మీదికొచ్చింది.

అంతకుముందు శనికీ వలయాలకీ నడుమ 22 చుట్లు తిప్పి, ఉన్న పని అంతా చేయించుకున్నారు లెండి.

2017 సెప్టెంబరు 15, శుక్రవారం. టీ గ్లాసు పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. శని నుంచి సిగ్నల్ మన దాకా రావడానికి ఆ రోజు 83 నిమిషాలు పట్టేది. తెర మీద ఆకుపచ్చ ముల్లులా నిలబడ్డ సిగ్నల్ మన టైము 5:25కి కుంగి, గీతలో కలిసిపోయింది.

"అయిపోయిందా?" అంది మా ఆవిడ, వంటింట్లోంచి.

"గంటా ఇరవైమూడు నిమిషాల కిందటే అయిపోయింది" అన్నాను.