అమెరికా శిష్యుల విరాళం నా ఖాతాలో వేయించుకోవచ్చా?

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. ప్రకాశం జిల్లాలోని మా ఊళ్లో వలస కూలీల పిల్లలకు సాయంత్రంపూట ఉచితంగా ట్యూషన్ చెబుతున్నాను. నా పాత విద్యార్థులు ఇద్దరు అమెరికాలో ఉన్నారు. ఒకతను హెచ్1బీ వీసా మీద ఉన్నాడు. రెండో అతను అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉంది. మొదటి అబ్బాయి ఇప్పటికే నా సేవింగ్స్ ఖాతాకు 40 వేలు పంపాడు. రెండో అబ్బాయి విజయవాడలో ఉన్న వాళ్లన్నయ్యకు డబ్బు పంపి, ఆయన ద్వారా నాకు వేయిస్తానంటున్నాడు. వచ్చేటప్పుడు నాలుగు పాత ల్యాప్‌టాప్‌లు కూడా తెస్తాడట. చట్టపరంగా ఇబ్బంది ఏమైనా ఉందా?

జవాబు: ఉంది మాస్టారూ. కాకపోతే ఇద్దరి విషయంలోనూ ఒకేలా లేదు.

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010, అంటే అందరూ ఎఫ్‌సీఆర్‌ఏ అనేది, ముందుగా చూసేది దాత పాస్‌పోర్టు. మొదటి అబ్బాయిది ఇండియన్ పాస్‌పోర్టు. తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. రేపు గ్రీన్‌కార్డు వచ్చినా అంతే. అమెరికా పౌరసత్వం తీసుకుంటే మాత్రం లెక్క మారిపోతుంది. ఇంకో సంగతి, అతని కంపెనీ ‘నువ్వెంత ఇస్తే మేమూ అంత ఇస్తాం’ అనొచ్చు. ఆ కంపెనీ వాటా విదేశీ డబ్బే. అక్కడ రిజిస్టరైన తెలుగు సంఘం ఇచ్చినా అంతే, సభ్యులందరూ మనవాళ్లే అయినా సరే.

రెండో అబ్బాయి విదేశీ పౌరుడు. ఓసీఐ కార్డు వీసా బాధ తప్పిస్తుంది గానీ, ఈ చట్టం నుంచి తప్పించదు. ఇక్కడికొచ్చి రూపాయల్లో చేతికిచ్చినా అది విదేశీ విరాళమే. విద్యా కార్యక్రమం నడిపేవాళ్లు, ఒక్క వ్యక్తే అయినా, కేంద్ర హోంశాఖ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా అలాంటి డబ్బు తీసుకోకూడదు. ల్యాప్‌టాప్‌లకూ ఇదే వర్తిస్తుంది. సూట్‌కేసులో తెచ్చినంత మాత్రాన మినహాయింపు రాదు.

అన్నయ్య దారి గురించి గట్టిగా చెబుతున్నాను, వద్దు. తమ్ముడు అన్నకు ఇంటి ఖర్చులకు పంపుకోవడంలో తప్పు లేదు. అన్నయ్య తన జీతంలోంచి మీకు ఇచ్చినా తప్పు లేదు. కానీ తమ్ముడి ఖాతా నుంచి వచ్చిన మొత్తం నాలుగు రోజుల్లో అదే అంకెతో మీ ఖాతాలో పడితే, బ్యాంకు స్టేట్‌మెంటే సాక్ష్యం. ఈ చట్టం కింద ఐదేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. పిల్లలకు పాఠాలు చెబుతూ ఆ టెన్షన్ మీకెందుకు?

ఇక మీ సేవింగ్స్ ఖాతా. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో వచ్చిన కానుకలు 50 వేలు దాటితే, దాటినంత మేరకే కాదు, మొత్తానికీ మీ ఆదాయంగా పన్ను పడే అవకాశం ఉంది. మీరిప్పటికే 40 వేలలో ఉన్నారు. ఇక మీ పేరున తీసుకోవడం ఆపండి.

ఊళ్లో నమ్మకస్తులను కలుపుకుని ఏడుగురితో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఒక సొసైటీ పెట్టండి. దాని పేరున పాన్ తీసుకుని, ఇద్దరు సంతకం చేస్తేనే డబ్బు తీయగలిగేలా ఖాతా తెరవండి. తర్వాత ఆదాయపు పన్ను శాఖలో 12ఏ (సొసైటీ ఆదాయానికి పన్ను మినహాయింపు కోసం), 80జీ (దాతకు పన్ను మినహాయింపు కోసం) రిజిస్ట్రేషన్లు చేయించండి. కొత్త పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి, ఆడిటర్లు మాత్రం ఇంకా ఇలాగే పిలుస్తున్నారు. హెచ్1బీ అబ్బాయి పాస్‌పోర్టు కాపీ, ఇది నా సొంత డబ్బు అని ఒక ఉత్తరం తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. నగదు విరాళం రెండు వేలు దాటితే దాతకు 80జీ మినహాయింపు రాదు కాబట్టి, స్థానికులను కూడా బ్యాంకు ద్వారానే ఇమ్మనండి.

కొత్త సొసైటీకి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ వెంటనే దొరకదు. మామూలుగా మూడేళ్లు పనిచేసి, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. ఇప్పటికే ఆ రిజిస్ట్రేషన్ ఉన్న వేరే సంస్థకు రెండో అబ్బాయి విరాళం ఇవ్వొచ్చు. అయితే 2020 సవరణ తర్వాత ఆ సంస్థ ఆ డబ్బును మీ సొసైటీకి బదిలీ చేయకూడదు. మీ ఊళ్లో తనే కార్యక్రమం నడిపి, పుస్తకాలు తనే కొని, టీచరు జీతం తనే ఇవ్వాలి. ముందుగా ఆ సంస్థతో మాట్లాడి, వాళ్లు ఒప్పుకున్నాకే అబ్బాయిని డబ్బు పంపమనండి.

ఈలోగా అన్నయ్య ఖాతా నుంచి డబ్బు ఇప్పటికే వచ్చేసి ఉంటే, ఖర్చు చేయకండి, మీ అంతట మీరు వెనక్కి కూడా పంపకండి. స్టేట్‌మెంట్ తీసుకుని ఎఫ్‌సీఆర్‌ఏ పనులు చూసే ఆడిటర్ని కలవండి. కొన్ని ఉల్లంఘనలకు జరిమానా కట్టి పరిష్కరించుకునే వీలు చట్టంలో ఉంది.