‘అర్థమైంది మేడమ్’ అన్న పిల్లలే పరీక్షలో ఖాళీ పేపర్ ఇస్తుంటే ఏం చేయాలి?

మేడమ్ గారూ, మీ ప్రశ్న చదివాక సమాధానం రాయకుండా ఉండలేకపోయాను. ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్తున్నారు, బోర్డు మీద చేస్తున్నంతసేపూ పిల్లలంతా అర్థమైంది అంటారు, నాలుగు వారాల తర్వాత ఎఫ్ఏ (బడిలో మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్ష) పెడితే సగం మంది ఖాళీ పేపర్లు ఇచ్చారు. లోపం మీరు చెప్పడంలో ఉందా, పిల్లల్లో ఉందా అని అడిగారు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పదిహేడేళ్లుగా లెక్కలే చెప్తున్నాను. మొదటి అయిదారేళ్లు నాకూ అచ్చం ఇదే జరిగింది.

పిల్లలు అబద్ధం చెప్పడం లేదండీ. మీరు చేస్తుంటే వాళ్లకు నిజంగానే అర్థమవుతోంది. కానీ ఒకరు చేస్తుంటే చూసి అర్థం చేసుకోవడం వేరు, పది రోజులు పోయాక ఎవరి సాయం లేకుండా దాన్ని బుర్రలోంచి బయటికి తీయడం వేరు. మనం పీరియడ్ మొత్తం మొదటిదానికే ఖర్చుపెట్టి, రెండోది ఇంటి దగ్గర వాళ్లే చేసుకుంటారులే అనుకుంటాం. ఇంటి దగ్గర జరిగేది నోట్సు ఇంకోసారి చదవడం, లేదంటే గైడు చూసి ఎక్కించడం.

ఆ రెండో పనికి మన భాషలో చక్కని మాట ఉంది: అప్పజెప్పడం. మా నాన్నగారి చిన్నప్పుడు పద్యమైనా ఎక్కమైనా పుస్తకం మూసి పంతులుగారికి అప్పజెప్తేనే ఆ రోజుకి ఇంటికి పంపేవారట. అర్థం తెలియని బట్టీ అని ఆ పద్ధతిని మనం వదిలేశాం. బట్టీ పోవాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. దానితోపాటు పుస్తకం మూసి గుర్తు తెచ్చుకునే అలవాటు కూడా పోయింది, అదే నా బాధ.

దీని మీద గట్టి పరిశోధన ఉంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక పాఠాన్ని వరసగా రెండుసార్లు చదివించారు. ఇంకో పాఠాన్ని ఒక్కసారే చదివించి, అది తీసేసి, గుర్తున్నదంతా కాగితం మీద రాయమన్నారు. అయిదు నిమిషాలకే పరీక్ష పెడితే రెండుసార్లు చదివిన పాఠంలో 81 శాతం, ఒకసారి చదివి రాసిన పాఠంలో 75 శాతం గుర్తున్నాయి. వారం తర్వాత పరీక్ష పెట్టినవాళ్లలో మాత్రం అది తారుమారైంది, రెండుసార్లు చదివినదాంట్లో 42, రాసి చూసుకున్నదాంట్లో 56. నాకు ఇందులో అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది ఆ మొదటి అయిదు నిమిషాల ఫలితం. మళ్లీ చదివితే ఆ క్షణానికి బాగా వచ్చినట్టే ఉంటుంది, పిల్లలకీ అలాగే ఉంటుంది, చూస్తున్న మనకీ అలాగే ఉంటుంది, అందుకే మోసపోతాం.

ఇక క్లాసులో నేను చేసేది చెప్తాను. బెల్లు కొట్టి నేను లోపలికి వెళ్లేసరికి బోర్డు మీద నాలుగు చిన్న లెక్కలు ఉంటాయి, లీడర్ పిల్ల రాసేస్తుంది. ఒకటి నిన్న చెప్పినది, ఒకటి పోయిన వారానిది, ఒకటి నెల కిందటిది, నాలుగోది కింది తరగతిది. పుస్తకాలు, నోట్సులు సంచిలోనే ఉండాలి, పక్కవాడితో మాటల్లేవు. ఏడు నిమిషాలు. ఆ తర్వాత నేను బోర్డు మీద చేసి చూపిస్తాను, ఎవరి లెక్క వాళ్లే దిద్దుకుంటారు. ఈ దిద్దుకోవడం మాత్రం ఎప్పుడూ వదలకండి, సరిచేయకుండా వదిలేస్తే తప్పే గట్టిపడుతుంది.

పాతవి ఎందుకంటారా, మరుపు మొదట్లో చాలా వేగంగా వస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది. ఎబింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల వరసలు తానే కంఠతా పట్టి, గంటలు, రోజులు గడిచాక తన మీద తానే పరీక్షించుకుని 1885లోనే ఈ సంగతి రాశాడు. పూర్తిగా పోకముందే మధ్యమధ్యలో ఒకసారి బయటికి తీస్తుంటే మళ్లీ పోవడానికి ఎక్కువ కాలం పడుతుంది. ఒకే రోజు ఇరవై లెక్కలు చేయించడం కన్నా రోజుకి నాలుగు చొప్పున అయిదు రోజులు చేయిస్తే ఎక్కువ నిలుస్తుంది, కాకపోతే వాటి మధ్య రోజులు గడవాలి.

ఈ నాలుగు లెక్కలకు మార్కులు వేయకండి. మొదటి ఏడాది నేను వేశాను. పది రోజుల్లో కాపీలు మొదలయ్యాయి, రానివాళ్లు ముందు బెంచీ వెనక దాక్కోవడం మొదలుపెట్టారు, ఒక అమ్మాయి అయితే మా పీరియడ్ ముందు రోజూ కడుపునొప్పి అనేది. వాళ్లమ్మ వచ్చి, లెక్కల టెన్షన్‌తో పిల్ల అన్నం తినడం లేదని చెప్పినప్పుడు నాకు చాలా కష్టంగా అనిపించింది. ఆ రోజే మార్కులు తీసేశాను. తర్వాత చదివితే తెలిసింది, ఇజ్రాయెల్లో రూత్ బట్లర్ అనే ఆవిడ 1988లోనే ఇలాంటిది ప్రచురించారు. పని దిద్ది ఏం మెరుగుపరచాలో మాత్రమే రాసిచ్చిన పిల్లలు తర్వాత బాగా చేశారు, అదే వ్యాఖ్య పక్కన మార్కు కూడా వేస్తే ఆ లాభం పోయింది. నా దగ్గరా అంతే, మార్కు కనిపిస్తే పిల్లలు దాన్ని పక్కవాడి మార్కుతో పోల్చుకుంటారు, కింద ఎర్ర సిరాతో రాసినది చదవరు.

ఇప్పుడు ‘అర్థమైందా?’ అనే ప్రశ్న సంగతి. దాన్ని మానేయండి. దాని బదులు పలకలు. నిజంగా పలకలే! మా వాళ్లు మొదట సిగ్గుపడ్డారు, మేం ఒకటో తరగతి పిల్లలమా మేడమ్ అని. అప్పుడు తెల్ల అట్టముక్కని దళసరి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మార్కర్‌తో రాసి గుడ్డతో తుడుచుకునేలా చేశాం, ఖర్చు పెద్దగా లేదు. పాఠం మధ్యలో ఒక ప్రశ్న వేస్తాను, అందరూ రాసి పలక గుండెకి ఆనించుకుని ఉంచాలి, నేను ‘చూపించండి’ అన్నప్పుడు ఒక్కసారిగా పైకెత్తాలి. ఒక్కసారిగా అనేది ముఖ్యం, లేకపోతే క్లాస్ ఫస్ట్ వచ్చే పిల్ల పలక చూసి మిగతావాళ్లు చెరిపేస్తారు.

మొదటిసారి ఇలా చేసిన రోజు 1/2 + 1/3 ఎంత అని అడిగాను. ఎనిమిదో తరగతి కదా, ఊరికే మొదలుపెట్టడానికి అడిగిన ప్రశ్న అది. సగానికి పైగా పలకల మీద 2/5 కనిపించింది. పైవి పైవి కలిపారు, కిందవి కిందవి కలిపారు. రెండు నెలలుగా వాళ్లకి అకరణీయ సంఖ్యలు, అంటే ఇలాంటి భిన్నాల లెక్కలే, చెప్తున్నాను నేను. ఎవరి మీదా కోపం రాలేదు కానీ, ఇన్ని రోజులు నేను ఎవరికి చెప్తున్నాను అని చాలాసేపు ఆలోచించాను. మర్నాడు ఒక రొట్టె తెచ్చి కోసి చూపించి, 2/5 అంటే సగం కన్నా తక్కువ కదా, సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గుతుందా అని అడిగాను. చేతులు ఎత్తమని అడిగి ఉంటే ఈ తప్పు నాకు ఏడాది చివరికి కూడా కనిపించేది కాదు.

నోటితో అడిగినప్పుడు ఇంకో చిన్న పని చేయండి. ప్రశ్న వేశాక మనసులో మూడు లెక్కపెట్టండి, ఆ తర్వాతే పేరు పిలవండి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో క్లాసుల టేపులు విని, టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేల్చింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవి అయ్యాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు కూడా నోరు విప్పారు. మూడు సెకన్ల నిశ్శబ్దం క్లాసులో ఎంత పొడుగ్గా ఉంటుందో చేసి చూస్తేగానీ తెలియదు.

లెక్కల టీచర్‌గా మీకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది ఇది: కలిపి ఇవ్వడం. పుస్తకంలో ఒక అభ్యాసం అంతా ఒకే రకం లెక్కలు ఉంటాయి. లసాగు పాఠంలో ఉన్నంతసేపూ పిల్లవాడు లసాగే కడతాడు, లెక్క చదవక్కర్లేదు, అంకెలు చూస్తే చాలు. పరీక్షలో పాఠం పేరు ఉండదు కదా. రెండు గుడిగంటల్లో ఒకటి 12 నిమిషాలకొకసారి, ఇంకోటి 18 నిమిషాలకొకసారి మోగుతుంటే, ఒకసారి కలిసి మోగాక మళ్లీ ఎంతసేపటికి కలిసి మోగుతాయి? 12 మీటర్ల తాడు, 18 మీటర్ల తాడు మిగలకుండా సమాన ముక్కలు చేయాలంటే ఒక్కో ముక్క ఎక్కువలో ఎక్కువ ఎంత పొడవుండాలి? అంకెలు అవే, ఒకదానికి లసాగు 36, ఇంకోదానికి గసాభా 6. ఈ రెండూ పక్కపక్కన పెడితేనే పిల్లలు లెక్కని చదవడం మొదలుపెడతారు. మీ ఎనిమిదో తరగతిలో బారువడ్డీ, చక్రవడ్డీ, డిస్కౌంటు, లాభశాతం ఇలాగే కలపండి.

కలిపి ఇచ్చినప్పుడు మొదట్లో తప్పులు పెరుగుతాయి, భయపడకండి. రోరర్, టేలర్ అనే పరిశోధకులు 2007లో ఘనపరిమాణం లెక్కలతో ఇదే చూశారు. అభ్యాసం చేసేటప్పుడు ఒకే రకం చేసినవాళ్లు 89 శాతం సరిగ్గా చేశారు, కలిపి చేసినవాళ్లు 60 శాతమే. వారం తర్వాత పరీక్షలో ఒకే రకం చేసినవాళ్లకి వచ్చింది 20, కలిపి చేసినవాళ్లకి 63. కానీ కొత్త పాఠం మొదటి రోజే కలపకండి, పిల్లలు బెదిరిపోతారు. ముందు మీరు పూర్తిగా చేసిన లెక్కలు రెండు, తర్వాత సగం చేసి వదిలేసిన లెక్క ఒకటి, ఆ తర్వాత వాళ్లంతట వాళ్లు ఒకటి, పద్ధతి చేతికి వచ్చాక, మూడో రోజు నుంచి కలపండి.

ఇవన్నీ పనిచేయని పిల్లలు కూడా మీ క్లాసులో ఉంటారు, అది దాచను. భాగహారమే రానివాడికి చక్రవడ్డీ గుర్తు తెచ్చుకో అంటే లోపల ఏముంటే తెచ్చుకుంటాడు? పల్లెల్లో పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వే ప్రకారం 2018లో గ్రామీణ భారతంలో ఎనిమిదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు సుమారు 44 శాతమే. మీ క్లాసూ నా క్లాసూ అందులోవే. వీళ్లకి తరగతిని బట్టి కాకుండా స్థాయిని బట్టి చెప్పాలి. నేను వారానికి మూడు రోజులు సాయంత్రం అరగంట వీళ్లతో కూర్చుంటాను, వెదురు పుల్లలు కట్టలు కట్టి తీసివేత నుంచి మొదలుపెడతాను. పొద్దున నాలుగు లెక్కల్లో ఒకటి వీళ్లు తప్పక చేయగలిగేది పెడతాను, అందరితోపాటు వాళ్లు కూడా పలక ఎత్తాలని.

శిక్షణల్లో మీకు ఒకటి చెప్పి ఉంటారు, కొందరు చూసి నేర్చుకుంటారు, కొందరు విని నేర్చుకుంటారు, ఎవరి పద్ధతిలో వాళ్లకి చెప్పాలని. దానికి సరైన ఆధారం లేదని 2008లో పరిశోధకులు అన్ని అధ్యయనాలూ పరిశీలించి చెప్పారు. పిల్లల్ని అలా విడదీసి చార్టులు చేయడానికి మీ రాత్రుళ్లు పాడుచేసుకోకండి.

సిలబస్ వెనకబడుతుందేమో అని హెచ్ఎం గారు అంటారు. నాకూ అన్నారు. మొదటి నెల నిజంగానే ఒక పాఠం వెనకబడ్డాను. డిసెంబరు కల్లా రివిజన్‌కి విడిగా పెట్టే మూడు వారాల్లో రెండు వారాలు మిగిలాయి, రోజూ జరుగుతున్నది అదే కాబట్టి.

రేపు సోమవారం కదా, ఈ నాలుగుతో మొదలుపెట్టండి: శుక్రవారం మీరు చెప్పిన పాఠం నుంచి ఒకటి, 250లో 15 శాతం, 2x + 5 = 17, 1/2 + 1/3. పలకలు లేకపోతే చిత్తు కాగితాలు చాలు. లసాగు గసాభా కలిపిన లెక్కలు, వడ్డీ లెక్కలు నేను రాసుకున్న నోట్సు ఒకటుంది, అడిగితే ఫోటోలు తీసి ఇక్కడే పెడతాను.