‘నీతియందు శిక్ష’ అంటే దెబ్బలా, చదువా?

సందేహం: మాది అమలాపురం దగ్గర ఒక ఊరు. మొన్న ఆదివారం మా సంఘంలో తిమోతికి రాసిన రెండవ పత్రిక మీద ప్రసంగం జరిగింది. అందులో ‘నీతియందు శిక్షచేయుటకును’ అనే మాట తీసుకుని, పిల్లల్ని దండించమని లేఖనమే చెబుతోంది, బెత్తం పట్టని తల్లిదండ్రులు వాక్యానికి లోబడనివాళ్లు అన్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా పెద్దబ్బాయి ఇంగ్లీషు బైబిలు తీసి, ఇక్కడ ట్రైనింగ్ అని ఉందమ్మా, తెలుగులో తప్పు రాశారు అంటున్నాడు. తెలుగు బైబిలు తప్పా? ఇంకొకటి, అదే చోట ‘దైవావేశము’ అని ఉంది. ఆవేశం అంటే కోపం కదా, లేకపోతే పూనకమా?

సమాధానం: తెలుగు బైబిలు తప్పు రాయలేదు, మీ అబ్బాయి చెప్పిన అర్థం కూడా సరైనదే, కాబట్టి ఇంట్లో ఎవరూ ఎవరితోనూ గొడవ పడక్కర్లేదు. పుస్తకం ఉన్నచోటే ఉంది, శిక్ష అనే మాట మాత్రం కాలక్రమంలో మన నోళ్లలో వేరే చోటికి వెళ్లిపోయింది. నేను క్రైస్తవుణ్ణి కాను, సిద్ధాంతం జోలికి పోను. తెలుగు వాక్యం ఏం చెబుతోందో అంతవరకే నా పని.

ముందు వాక్యం మొత్తం చూద్దాం, ముక్క చూస్తే ఎవరికైనా పొరపాటు జరుగుతుంది. ‘దైవజనుడు సన్నద్ధుడై ప్రతి సత్కార్యమునకు పూర్ణముగా సిద్ధపడియుండునట్లు దైవావేశమువలన కలిగిన ప్రతి లేఖనము ఉపదేశించుటకును, ఖండించుటకును, తప్పు దిద్దుటకును, నీతియందు శిక్షచేయుటకును ప్రయోజనకరమై యున్నది.’ ఇందులో శిక్ష చేసేది ఎవరు? తండ్రి కాదు, తల్లి కాదు, లేఖనం. ఎవరి కోసం? దైవజనుడి కోసం. ఇప్పుడు గోడల మీద పోస్టర్లలో దైవజనులు అంటే పాస్టర్‌గారు అనే అర్థం స్థిరపడిపోయింది గానీ ఇక్కడ ఆ మాటకు అర్థం దేవుని మనిషి అనే. ఈ వాక్యంలో పిల్లవాడు ఎక్కడా లేడు, బెత్తమూ లేదు. కాస్త పైన మాత్రం తిమోతి బాల్యం నుంచే పరిశుద్ధ లేఖనాలు ఎరిగినవాడని ఉంది, అదే పత్రిక మొదట్లో అతని అవ్వ లోయి, తల్లి యునీకే, వాళ్లిద్దరి విశ్వాసం ప్రస్తావన ఉంది. పిల్లల పెంపకం గురించి ఈ పత్రికలో ఏమైనా వెతుక్కోవాలంటే ఆ అవ్వ దగ్గర వెతుక్కోవాలి.

ఇక విభక్తి చూడండి, అసలు సంగతి అక్కడే తేలిపోతుంది. మనం ‘దొంగతనానికి శిక్ష’ అంటాం, ‘చేసిన తప్పుకు శిక్ష’ అంటాం. దండన అనే అర్థంలో శిక్ష పక్కన కి, కు వస్తాయి. ‘దొంగతనమందు శిక్ష’ అని ఎవరూ అనరు, అంటే దొంగతనం నేర్పుతున్నారేమో అనిపిస్తుంది! బైబిలులో ఉన్నది ‘నీతికి శిక్ష’ కాదు, ‘నీతియందు శిక్ష’. అందు అనేది సప్తమి. సంగీతంలో శిక్షణ, వ్యాకరణంలో శిక్షణ అన్నట్టే నీతిలో శిక్షణ. నీతిమంతుడిగా బతకడం ఎలాగో నేర్పడం అన్నమాట. దండన అనుకుంటే ‘నీతియందు’ అనే మాటకు ఈ వాక్యంలో పనే ఉండదు.

సంస్కృతంలో ఈ మాట పుట్టుకే చదువు. పాణినీయుల ధాతుపాఠంలో, అంటే సంస్కృత క్రియామూలాల పట్టికలో, ‘శిక్ష విద్యోపాదానే’ అని ఉంటుంది, విద్యను అందుకోవడం అని అర్థం. ఆరు వేదాంగాల్లో ఉచ్చారణ నేర్పే శాస్త్రం పేరు శిక్ష. తైత్తిరీయోపనిషత్తులో మొదటి భాగం శీక్షావల్లి. అంత దూరం ఎందుకు, మన తాతల కాలంలో ప్రతి ఇంట్లో ఉన్న పెద్దబాలశిక్ష పేరు చెప్పుకుంటే చాలు. అది పిల్లల్ని కొట్టే పుస్తకం కాదు కదా. ఈనాటికీ పత్రికలవాళ్లు ‘సుశిక్షితులైన సైనికులు’ అని రాస్తే బాగా దెబ్బలు తిన్న సైనికులు అని ఎవరూ అనుకోరు. శిక్షణ, శిక్షకుడు, శిక్షితుడు అన్నీ చదువు వైపే ఉండిపోయాయి, ఒక్క శిక్ష మాత్రం కోర్టుకు, జైలుకు వెళ్లిపోయింది. జైలుశిక్ష, ఉరిశిక్ష, శిక్షాస్మృతి. హిందీలో ఇప్పటికీ శిక్ష అంటే చదువే, అందుకే సర్వ శిక్షా అభియాన్ అనే బోర్డు మొదటిసారి చూసినప్పుడు మా వీధిలో ఒక పెద్దాయన ‘అందరికీ శిక్షేనటండీ, ఏం నేరం చేశాం?’ అని పగలబడి నవ్వాడు. కన్నడంలో, మరాఠీలో మాత్రం మనలాగే శిక్ష అంటే దండన, శిక్షణ అంటే చదువు.

చదువు అనే మాట దండన ఎలా అయిందంటే, మన వీధిబడుల్ని తలుచుకుంటే చెప్పక్కర్లేదు. కోదండం, గోడకుర్చీ, తొడపాశం లేకుండా అక్షరం రాదనుకున్న రోజులు. నేర్పడమూ కొట్టడమూ ఒకే చేతిలో ఉంటే రెండింటికీ ఒకే మాట సరిపోయింది. ఇది ఒక్క శిక్షకే పట్టిన గతి కూడా కాదు. ‘వాడికి బుద్ధి చెప్పాలి’ అంటే ఇప్పుడు మంచి మాటలు చెప్పాలని ఎవరైనా అనుకుంటారా? ‘గుణపాఠం నేర్పాలి’ అన్నా అంతే. శాస్త్రం, శిష్యుడు అనే మాటలు పుట్టిన ధాతువు నుంచే ‘తగిన శాస్తి జరిగింది’లోని శాస్తి కూడా పుట్టింది. తెలుగువాడికి చదువు చెప్పే మాట ఏది చేతికిచ్చినా కొన్నాళ్లకు దాన్ని బెత్తం చేసేస్తాడేమో అని నాకు అప్పుడప్పుడు అనుమానం వస్తుంది.

ఇప్పుడు మూలం సంగతి. తిమోతికి పౌలు రాసిన ఈ పత్రిక గ్రీకులో ఉంది. ఇక్కడ గ్రీకు మాట పైదేయా. పైస్ అంటే పిల్లవాడు, పైదేయా అంటే పిల్లవాణ్ణి మనిషిగా తీర్చిదిద్దే మొత్తం వ్యవహారం. మన బాలశిక్ష అనే సమాసానికి దాదాపు సరిజోడు! అనువాదకుల పక్కన కూర్చున్న పండితులకు సంస్కృతం వచ్చు, కాబట్టి శిక్ష అనగానే వాళ్లకు విద్య అనే అర్థమూ తోచి ఉంటుంది. తెలుగులో బైబిలు అచ్చు పని చాలా పాతది. 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డి గ్రాంజెస్ అనే ఇద్దరు లండన్ మిషనరీలు, వాళ్లకు తోడుగా ఆనందరాయర్ అనే తెలుగు పండితుడు మొదలుపెట్టిన సువార్తల అనువాదాలు 1812లో బెంగాల్‌లోని శ్రీరామపురంలో అచ్చయ్యాయి, అప్పటికి ఆ మిషనరీలిద్దరూ చనిపోయారు కూడా. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ఆ తర్వాత చాలా చేతులు మారి, సవరణలు పొందిన పాఠం. అయినా భాష పాతదే. గిడుగువారి వాడుకభాష ఉద్యమం తర్వాత పత్రికలు మారాయి, బడి పుస్తకాలు మారాయి, సంఘాల్లో చదివే పుస్తకం మాత్రం ఆ గ్రాంథికంలోనే ఉండిపోయింది. అక్షరం రాని అవ్వలు కూడా ప్రార్థనలో ‘స్తుతించుచున్నాము తండ్రీ’ అని ఆ ‘చున్నాము’ క్రియను తడబడకుండా పలుకుతారు, అది వింటే నాకు ముచ్చటేస్తుంది. కానీ ఆ ముచ్చట వెనకే ప్రమాదమూ ఉంది. పాత భాష చెవికి అలవాటైపోయి, అర్థం కూడా అలవాటైనదే అనుకుంటాం.

‘మీరు చెప్పేది బాగానే ఉంది, బైబిలులోనే ఆ అర్థం ఉందని రుజువేమిటి’ అని మీ సంఘ కాపరిగారు, అంటే పాస్టర్‌గారు, అడగవచ్చు, అడగాలి కూడా. లేఖనాన్ని లేఖనంతోనే పోల్చి చూడాలని సంఘాల్లో చెబుతుంటారు కదా, ఆ పద్ధతినే పాటిద్దాం. అపొస్తలుల కార్యములు 22వ అధ్యాయం, 3వ వచనం తీయండి. పౌలు తన గురించి చెప్పుకుంటూ గమలీయేలు అనే గురువు పాదాల దగ్గర పెరిగి, ‘ధర్మశాస్త్ర సంబంధమగు నిష్ఠయందు శిక్షితుడనై’ అంటాడు. నిష్ఠయందు శిక్షితుడు, నీతియందు శిక్ష. అదే సప్తమి, అదే మాట, గ్రీకులోనూ అదే కుటుంబానికి చెందిన క్రియ. గమలీయేలు తనను కొట్టాడని పౌలు చెప్పడం లేదు, చదివించాడని చెబుతున్నాడు. అదే పుస్తకం 7వ అధ్యాయంలో మోషే ‘ఐగుప్తీయుల సకల విద్యలను అభ్యసించి’ అని ఉన్నచోట కూడా గ్రీకులో ఉన్నది ఆ క్రియే, అక్కడ మన అనువాదకులు శిక్ష అనకుండా విద్య, అభ్యాసం అన్నారు.

కానీ ఉన్నమాట చెప్పుకోవాలి, మీ కాపరిగారికి ఆధారమే లేదని నేను అనను. ఆ గ్రీకు క్రియకు దెబ్బల అర్థం కూడా ఉంది. లూకా సువార్తలో రోమా అధికారి పిలాతు యేసును శిక్షించి వదిలేస్తానన్నప్పుడు వాడింది ఆ క్రియే, అక్కడ చదువు చెప్పి వదిలేస్తానని కాదు కదా. హెబ్రీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయంలో ‘ప్రభువు తాను ప్రేమించువానిని శిక్షించి తాను స్వీకరించు ప్రతి కుమారుని దండించును’ అని శిక్షకు జంటగా దండన వచ్చింది, గ్రీకులో ఆ రెండో మాటకు కొరడాతో కొట్టడం అనే అర్థం. బైబిలులోని సామెతల గ్రంథంలో బెత్తం మాట ఉండనే ఉంది. కాబట్టి పిల్లల్ని దండించడం గురించి చెప్పదలుచుకున్నవాళ్లు ఆ చోట్ల నుంచి చెప్పుకోవచ్చు, వాటి గురించి సంఘాల్లో ఉన్న వాదాలు సంఘాల్లోనే తేలాలి. నేననేది ఒక్కటే, తిమోతి పత్రికలోని ఈ మాట మీద మాత్రం ఆ బరువు పెట్టకూడదు, అది మొయ్యదు. హెబ్రీయుల పత్రికలో కూడా ఆ మాటలు చెబుతున్నది బాధల్లో నీరసపడిన పెద్దవాళ్లకు, ఓదార్పుగా. కాస్త కిందికి వెళితే ఆ శిక్ష ‘దానియందు అభ్యాసము కలిగినవారికి’ నీతి అనే ఫలం ఇస్తుందని ఉంటుంది, మళ్లీ అందు, మళ్లీ అభ్యాసం. ఎఫెసీయుల పత్రికలో నేరుగా తండ్రులకే చెప్పిన మాట ఒకటుంది: ‘మీ పిల్లలకు కోపము రేపక ప్రభువు యొక్క శిక్షలోను బోధలోను వారిని పెంచుడి.’ శిక్షలో పెంచమన్నాడు, శిక్షతో పెంచమనలేదు. అదీ కోపం రేపకుండా.

ఇక ఆవేశం. ఇప్పుడు ‘ఆవేశపడకు’ అంటే కోపం తెచ్చుకోకు అనే. మూలార్థం లోపలికి ప్రవేశించడం. దేవత ఒంటి మీదికి వచ్చిందంటే ఆవేశించింది అనేవాళ్లు, అందుకే మీకు పూనకం గుర్తొచ్చింది, అందులో మీ తప్పేం లేదు. గ్రీకులో ఉన్నది థియోప్న్యూస్తొస్ అనే అరుదైన మాట, దేవుడు ఊదినది, దేవుని ఊపిరి వల్ల కలిగినది అని. గ్రీకు మాటలో ఊపిరి దేవునిలోంచి బయటికి వస్తుంది, తెలుగు మాటలో దేవుడు మనిషి లోపలికి వస్తాడు, ఆ మేరకు బొమ్మ మారింది. సంఘాల్లో వాడే ‘దైవప్రేరేపితం’ ఈ కాలానికి ఎక్కువ సుఖంగా ఉంటుందని నా ఉద్దేశం. పేతురు రెండవ పత్రికలో ప్రవక్తలు ‘ప్రేరేపింపబడినవారై’ పలికారని ఉంది కాబట్టి అది కొత్తగా తెచ్చిపెట్టుకున్న మాట కూడా కాదు.

మీరు అడగలేదు గానీ ఈ వాక్యంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముడి ఇంకొకటుంది. గ్రీకులో ఇక్కడ ‘ఉన్నది’ అనే క్రియ లేదు, ‘ప్రతి లేఖనము దైవశ్వాసజన్యము, ప్రయోజనకరము’ అని మాటలు వరసగా ఉన్నాయి, అంతే. దాంతో ఇంగ్లీషువాళ్లు రెండుగా చీలిపోయారు. 1611 నాటి కింగ్ జేమ్స్ పాఠం లేఖనమంతా దైవప్రేరణ వల్ల కలిగిందే, ప్రయోజనకరం కూడా అంటుంది. 1881లో వచ్చిన సవరించిన పాఠం దైవప్రేరణ వల్ల కలిగిన ప్రతి లేఖనమూ ప్రయోజనకరమే అంటుంది. రెండోదాన్ని పట్టుకుని, అంటే దైవప్రేరణ లేని లేఖనం కూడా ఉందా అని వాదం లేవదీసినవాళ్లున్నారు. తెలుగులో ‘దైవావేశమువలన కలిగిన ప్రతి లేఖనము’ అని క్రియాజన్య విశేషణం పెట్టారు. దీనిలో ఉన్న చమత్కారం చూడండి. ‘పండిన ప్రతి కాయా తియ్యగా ఉంటుంది’ అంటే పండని కాయలు కూడా ఉన్నాయని అర్థం. ‘దేవుడిచ్చిన ప్రతి రోజూ మంచిదే’ అంటే దేవుడివ్వని రోజులు కొన్ని ఉన్నాయని ఎవరూ అనుకోరు. వాక్యం కట్టుబాటు రెండింటికీ ఒకటే, తేడా వినేవాడి మనసులో ఉంటుంది. ఇంగ్లీషులో ఏదో ఒక వైపు తేల్చి చెప్పాల్సి వచ్చిన చోట తెలుగు రెండు తలుపులూ తెరిచి ఉంచింది. అనువాదకులు కావాలని చేశారో, భాష స్వభావం వాళ్లచేత చేయించిందో గానీ, నాకైతే భలే నచ్చింది.

మీ అబ్బాయితో కలిసి చదివేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఇంగ్లీషులో ఈ ‘ట్రైనింగ్’ మూడో అధ్యాయం 16వ వచనంలో ఉంటుంది. మీ తెలుగు బైబిలు 16 తీస్తే ‘దైవజనుడు సన్నద్ధుడై’ అనే ముక్క కనబడుతుంది, శిక్ష ఉండదు. మన భాషలో ఎందుకోసమో ముందు చెప్పి, అసలు క్రియ చివర పెడతాం కదా, అందుకని అనువాదకులు వెనకది ముందుకు తెచ్చారు, అంకెలు మాత్రం వరసగానే పడ్డాయి. శిక్ష 17లో ఉంది.