ఉద్వాసన చెప్పినారా, తీసేసినారా?

సందేహం: మా మేనల్లుడు బెంగళూరులో ఒక కాల్‌సెంటర్‌లో చేస్తుండె. పోయిన నెల ఆ కంపెనీ వందలమందిని తీసేసింది. ఏదో కాగితం కూడా రాయించుకున్నారంట. పేపర్లో 'ఉద్యోగులకు ఉద్వాసన' అని వేసినారు. పిల్లోడేమో 'లేఆఫ్' అంటాడు. వినాయకునికి చెప్పే ఉద్వాసన మనుషులకు వాడొచ్చునా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

సమాధానం: వాడొచ్చునమ్మా. సంస్కృతంలోనే ఆ మాటకు వెళ్లగొట్టడమనే అర్థం ఉంది. 'వస్' అంటే ఉండటం. ఉన్నచోటి నుంచి లేపడం ఉద్వాసన. (ఒత్తు పెట్టి 'ఉధ్వాసన' అని రాసేవాళ్లున్నారు. తప్పంటే అదీ తప్పు.)

అయినా మీ చెవికి ఎందుకు గుచ్చుకుందో అర్థమైంది. చవితి పూజలో ఉద్వాసన చెప్పేటప్పుడు అక్షతలేసి, విగ్రహాన్ని కాస్త కదిలించి, 'పునరాగమనాయ చ' అంటాం. మళ్లీ రమ్మనే పంపుతాం. పేపర్ల ఉద్వాసనలో పంపడం ఒక్కటే మిగిలింది.

విచిత్రంగా లేఆఫ్‌కూ ఇదే గతి పట్టింది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో లేఆఫ్ అంటే కరెంటు లేకనో, ముడిసరుకు అందకనో, యంత్రం చెడిపోయో యజమాని పని చూపలేకపోవడం. కార్మికుని పేరు మస్టర్ రోల్లోనే, అంటే హాజరు పట్టీలోనే ఉంటుంది. అర్హులకు ఆ రోజులకు మూలవేతనం, కరువు భత్యంలో సగం ఇవ్వాలి. పేరు కొట్టేసి పంపడానికి చట్టం మాట వేరు, రిట్రెంచ్‌మెంట్. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ తేడా అలాగే ఉంది. మీవాని కంపెనీ చేసింది రెండోది. పిలవడం మాత్రం మొదటి పేరుతో పిలుస్తున్నారు.

తెలుగు మాటల్లోనూ దాగుడుమూతలున్నాయి. 'ఉద్యోగం పోయింది', 'ఊడింది' అంటే పన్ను ఊడినట్టు దానంతటదే ఊడినట్టుంటుంది. 'ఉద్యోగాల కోత' అన్నా అంతే, కోసిందెవరో తెలీదు. పైగా కరెంటు కోతయితే సాయంత్రానికి తిరిగొస్తుంది! మీరు రాసిన 'కంపెనీ తీసేసింది' నాకు వీటన్నిటికన్నా నచ్చింది. తీసిందెవరో అందులో ఉంది.

మీరు అడగలేదుగానీ, ఆ కాగితం సంగతి. అది రాజీనామా అయితే, రాజీ అంటే సమ్మతి, నామా అంటే పత్రం. ఇష్టపడి రాసిచ్చినదని దాని అర్థం. ఏడాదికి తక్కువ కాకుండా చేసిన కార్మికుణ్ణి రిట్రెంచ్ చేస్తే నెల నోటీసో దానికి బదులు జీతమో ఇవ్వాలి, దాంతోపాటు పూర్తయిన ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు వేతనమూ ఇవ్వాలి. తానై మానుకున్నవానికి ఆ పరిహారం రాదు. ఆ కాగితంలో ఏమని రాయించుకున్నారో మీ మేనల్లుణ్ణి ఒకసారి చదివి చెప్పమనండి.