స్ప్లిట్–డుబ్రోవ్నిక్ యాట్ ప్లాన్: 7 రోజులు ఎందుకు చాలడం లేదంటే

స్ప్లిట్‌లో యాట్ అద్దెకి తీసుకుని 7 రోజుల్లో డుబ్రోవ్నిక్ వెళ్లి రావాలన్న మీ ప్లాన్‌ని దెబ్బతీస్తున్నది శుక్రవారం. క్రొయేషియాలో యాట్ అద్దె సాధారణంగా శనివారం నుంచి శనివారం వరకు. కానీ శుక్రవారం సాయంత్రానికే బయల్దేరిన మెరీనాకి (యాట్‌లు నిలిపే రేవుకి) తిరిగొచ్చేయాలి, అదీ డీజిల్ ట్యాంకు నింపి. చాలామంది మర్చిపోయేది ఇదే. ఆ సాయంత్రం బంకు ముందు పడవల క్యూలో మేం గంటకు పైగా గుండ్రంగా తిరిగాం.

పడవ చేతికొచ్చేది శనివారం సాయంత్రం. అంటే మిగిలేది 6 రోజుల లోపే. డుబ్రోవ్నిక్‌కి రానూపోనూ 200 నాటికల్ మైళ్లకి (ఒక్కోటి సుమారు 1.85 కి.మీ.) తక్కువ కాదు. గంటకి 5–6 నాటికల్ మైళ్లు నడిచే పడవలో ఇక ఈత కొట్టేదెప్పుడు?

1. డుబ్రోవ్నిక్ తీసేయండి. తప్పదంటే అక్కడే పడవ అప్పగించే వన్‌-వే అద్దె అడగండి, ఖర్చు పెరుగుతుంది.
2. ఇలా వెళ్లండి: బ్రాచ్ దీవిలోని మిల్నా, తర్వాత విస్, హ్వార్ దీవులు. గాలి అనుకూలిస్తేనే కోర్చులా దీవి.
3. గురువారం రాత్రికి స్ప్లిట్‌కి దగ్గర్లోని షోల్టా దీవి చేరండి. మర్నాడు మధ్యాహ్నానికే బంకు దగ్గరుంటారు.
4. విస్ పక్కనున్న బిషెవో దీవిలోని నీలి గుహలోకి యాట్ పోదు, చిన్న బోటు ఎక్కాలి.
5. స్కిప్పర్ (పడవ నడిపే మనిషి) లేకుండా అయితే పడవ నడిపే లైసెన్స్‌తో పాటు వీహెచ్‌ఎఫ్ రేడియో (సముద్రంలో మాట్లాడుకునే రేడియో) సర్టిఫికెట్ కూడా చూపించాలి.