కాలిన మారుతి కోసం చీటీ పాడుకోవాలా?

ప్రశ్న: మాది కావలి. రొయ్యల మేత, మందుల దుకాణం నడుపుతున్నాను. వయసు 46. నాన్నగారు 1998లో కొన్న మారుతి 800 మా ఇంట్లో ఉంది. ఆయన 2024లో పోయారు. కాగితాలన్నీ ఇంకా ఆయన పేరు మీదే ఉన్నాయి. పోయిన నెల ఒంగోలు నుంచి వస్తుంటే ఉలవపాడు దగ్గర బానెట్‌లోంచి పొగ వచ్చి ఇంజన్ అంటుకుంది. వెనక వస్తున్న లారీవాళ్లు పొడి చల్లే సిలిండర్‌తో ఆర్పారు. మనుషులకు ఏమీ కాలేదు. బానెట్, వైరింగ్, కార్బురేటర్, రేడియేటర్ పోయాయి. లోపల సీట్ల దాకా మంట రాలేదు. ఉన్నది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే. ఒంగోలు మేస్త్రి మొత్తం 1,60,000 అవుతుంది, ముందు 50 వేలు ఇవ్వండి అంటున్నాడు. పాత ఇనుము వ్యాపారి 18 వేలకు అడుగుతున్నాడు. దీన్ని వదిలించుకుని రెండున్నర లక్షల్లో సెకండ్ హ్యాండ్ కారు కొందామని నా భార్య అంటోంది. నాన్న కారు అమ్మడానికి వీల్లేదని అమ్మ. నాకు 3 లక్షల చీటీ ఉంది, 30 నెలలది, 17 నెలలు కట్టాను. 60 వేలకు పాడితే ఈ నెల నాకే వస్తుంది. బ్యాంకులో 90 వేలు ఉన్నాయి. రైతుల దగ్గర బాకీలు రెండు లక్షల పైమాటే. పాప ఇంటర్ రెండో ఏడాది. కారు వాడేది ఆదివారాలూ, నెలకోసారి అమ్మను నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్లడానికీ. ఏం చేయమంటారు?

జవాబు: చీటీ పాడకండి. మేస్త్రికి 50 వేలు ఇవ్వకండి. 18 వేలకు అమ్మకండి. సెకండ్ హ్యాండ్ కారు కూడా ఇప్పుడు వద్దు. ఇన్ని వద్దులు చెప్పాక చేయాల్సింది కూడా చెప్పాలి కదా. ఈ వారంలోనే బండిని శుభ్రం చేయించండి, ఈ నెలలోనే ఆర్‌సీ మీ పేరుకు మార్చే పని మొదలుపెట్టండి. బాగుచేయించాలా వద్దా అన్నది ఆ తర్వాతి మాట.

శుభ్రం చేయడానికి అంత తొందరెందుకంటే, లారీవాళ్లు చల్లిన ఆ పొడి వల్ల. మంట ఆర్పడానికి అది మంచిదే కానీ, తేమ తగిలితే లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. మీదేమో సముద్రం గాలి ఉండే ఊరు. ఇప్పటికే నెల దాటింది. బ్యాటరీ వైర్లు విప్పించి, పొడినంతా ముందు పొడిగానే దులిపించి, ఆ తర్వాత కడిగించి, బాగా ఆరబెట్టించండి. రెండు మూడు వేలలో అయ్యే పని. దీన్ని వాయిదా వేస్తే ఇవాళ బాగున్న భాగాలు కూడా రేపు రిపేరు బిల్లులో చేరతాయి.

ఇక ఆర్‌సీ. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది మంట కాదు, "కాగితాలన్నీ ఇంకా ఆయన పేరు మీదే" అన్న మాట. యజమాని చనిపోతే వారసులు 30 రోజుల్లో ఆర్‌టీఓకు తెలియజేయాలి, మూడు నెలల్లోగా ఫారం 31తో బదిలీకి దరఖాస్తు చేసుకోవాలి. ఇన్సూరెన్స్ పాలసీ కూడా ఆయన పోయిన తర్వాత మూడు నెలలు గానీ, గడువు తీరేవరకు గానీ, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. అంటే చనిపోయిన మనిషి పేరు మీద ప్రీమియం కడుతూ, చేతిలో పాలసీ ఉందనుకుంటూ, హైవే మీద తిరిగారు. ఆ రోజు మంట పక్క బండికి అంటుకుని ఎవరికైనా ఏమైనా అయివుంటే, కంపెనీ పక్కకు తప్పుకోవడానికి చూసేది. నష్టపరిహారం కేసు మీ దుకాణం మీదికి, ఇంటి మీదికి వచ్చేది. 1,60,000 దాని ముందు చిన్న లెక్క. మరణ ధ్రువీకరణ పత్రం, అమ్మగారి నుంచి, తోబుట్టువులుంటే వాళ్ల నుంచి అభ్యంతరం లేదన్న అఫిడవిట్లు సిద్ధం చేసుకోండి. ఆలస్యానికి ఎంతో కొంత జరిమానా పడుతుంది, కట్టేయండి. కారు ఉంచుకున్నా, అమ్మినా, తుక్కుకు ఇచ్చినా ఈ పని తప్పదు.

ఫుల్ ఇన్సూరెన్స్ చేయించి ఉంటే బాగుండేదన్న బాధ ఉంటే తీసి పక్కన పెట్టండి. దానంతట అదే అంటుకున్న మంటకూ ఫుల్ ఇన్సూరెన్స్ వర్తిస్తుంది, నిజమే. కానీ మీ బండికి కంపెనీ కట్టే విలువ 45 వేలు అనుకుందాం. రిపేరు ఖర్చు ఆ విలువలో 75 శాతం దాటితే, అంటే 33,750 దాటితే, బండి మొత్తం పోయినట్టే లెక్క. మీకు వచ్చేది 45 వేలలో వెయ్యి రూపాయలు తీసేసి మిగిలింది. కాలిన బండి మీరే ఉంచుకుంటామంటే దాని తుక్కు ధర కూడా తీసేస్తారు. 18 వేలు పోతే మిగిలేది 26 వేలు. ఏళ్ల తరబడి కట్టాల్సిన అదనపు ప్రీమియం దీనికి ఎదురు పెట్టి చూసుకోండి. ఇప్పుడు కొత్తగా ఫుల్ పాలసీ తీసుకుని మంట ఆ పాలసీ తీసుకున్నాకే అంటుకున్నట్టు చూపిద్దామని ఎవరైనా ఏజెంటు చెవిలో వేస్తే, ఆ మనిషితో మీ మిగతా పాలసీలు కూడా పెట్టుకోకండి.

చీటీ సంగతి. ఇంట్లో అందరూ దీన్ని "మన డబ్బే కదా" అంటారు, అక్కడే లెక్క తప్పుతుంది. ఈ నెల 60 వేలకు పాడితే చేతికి 2,40,000 వస్తుంది. పాడకుండా ఆఖరి నెల దాకా ఆగితే, 5 శాతం కమీషన్ పోను 2,85,000 వస్తుంది. మిగతా వాయిదాలు రెండు విధాలా కట్టాల్సిందే. తేడా 45 వేలు, వ్యవధి పన్నెండు నెలలు. 2,40,000 మీద ఇది ఏడాదికి దాదాపు 19 శాతం వడ్డీ. బ్యాంకులో బంగారం పెట్టి తెచ్చినా ఇంత పడదు. అంటే మేస్త్రి చెప్పిన 1,60,000కు ఇంకో 45 వేలు మీరే చేర్చుకుంటున్నారు. పైగా చీటీ అయ్యే వేళకు పాప కాలేజీ ఫీజులు ఉంటాయి. ఆ 2,85,000కు చదువని పేరు పెట్టేసి, కారు మాట వచ్చినప్పుడల్లా లేదనుకోండి.

90 వేలు కూడా ముట్టుకోవద్దు. మేత దుకాణం అంటే రైతు చెరువు పట్టేదాకా మీ డబ్బు నీళ్లలో ఉన్నట్టే. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు రొయ్య ధర ఎలా ఊగిందో నాకన్నా మీకే బాగా తెలుసు. ధర పడితే ముందు ఆగేది మీ బాకీ వసూలే. అలాంటి వ్యాపారికి 90 వేల నిల్వ తక్కువే, నిజానికి దాన్ని పెంచుకోవాలి.

మీ భార్య చెప్పిన దాంట్లో న్యాయం ఉంది. అమ్మగారు ఆసుపత్రికి వెళ్లడానికి నమ్మకమైన బండి కావాలి. దానికి కారు కొనక్కర్లేదు. నెలకోసారి నెల్లూరు పోయి రావడానికి అద్దె కారుకు 2,500 అనుకున్నా ఏడాదికి 30 వేలు. రెండున్నర లక్షల కారుకు ఇన్సూరెన్స్, సర్వీసు, టైర్లు, ఏటా తరిగే ధర కలిపితే ఇంతకన్నా ఎక్కువే, పెట్రోలు లెక్కేయకుండానే. ఒక ఏడాది అద్దె కారులో వెళ్లి చూడండి. చెరువుల చుట్టూ తిరగడానికి ఎలాగూ మోటారు సైకిలే కదా.

ఇప్పుడు మారుతి. రవాణా ఖర్చుగా చూస్తే ఈ రిపేరుకు అర్థం లేదు. బాగున్న బండే యాభై వేలకు అటూ ఇటూ పలికే కాలంలో దాని మీద 1,60,000 పెడితే అందులో ఎక్కువ భాగం తిరిగి రాదు. వింటేజ్ అని ఎవరైనా ఊరిస్తే నమ్మకండి. కేంద్రం నిబంధనల్లో దానికి 50 ఏళ్లు నిండాలి, మీ బండికి అది 2048లో. అయినా చేయించుకోవద్దని నేను అనను. నాన్నగారి బండి మీద మమకారంతో పెట్టే ఖర్చు కూడా ఖర్చే, పండగకీ పెళ్లికీ పెట్టడం లేదా? కాకపోతే దానికి ఒక గీత ఉండాలి. మీ పరిస్థితిని బట్టి నేను గీసే గీత లక్ష రూపాయలు, అదీ ఏడాదిన్నర మీద, దుకాణం మిగులులోంచి నెలకు ఐదారు వేల చొప్పున వేరే ఖాతాలో వేసి.

మొదటి పది వేలు కేవలం తెలుసుకోవడానికి పెట్టండి. మీ ఇంజన్ హెడ్ అల్యూమినియంది, గట్టి వేడికి వంకర పోతుంది. దాన్ని విప్పించి లేత్ షాపులో చూపించండి. ఫేసింగ్‌తో, అంటే వంకర పోయిన ముఖాన్ని చదును చేయడంతో, సరిపోతుందంటే సంతోషం. ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే రేకు ఉబ్బిందా, ముందు చాసిస్ కమ్మీలు వంగాయా చూడాలి. వాటిలో ఏది పోయినా అక్కడితో ఆపేయండి. అమ్మగారికి ఆ మాట చెప్పడం కష్టమే, కానీ లక్ష పెట్టాక చెప్పడం కన్నా తేలిక.

బాగుందంటే, ముందు డబ్బు పోవాల్సింది కంటికి కనపడని వాటికి. వైరింగ్ అతుకులు వేయించకండి, మొత్తం సెట్టు కొత్తది వేయించండి. కాలిన బండి మళ్లీ అంటుకోవడానికి అతుకుల వైరింగే మంచి దారి. పెట్రోలు గొట్టాలన్నీ మార్చాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 1998 నాటి రబ్బరు దానికోసం చేసింది కాదు, కాబట్టి ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలే అడిగి వేయించండి. బ్రేక్ ఆయిల్ డబ్బా ప్లాస్టిక్‌ది, అది ఇంజన్ గదిలోనే ఉంటుంది. మాస్టర్ సిలిండర్‌తో సహా చూపించండి. టింకరింగ్, పెయింటింగ్ ఆఖరికి. బానెట్ ఏ రంగులో దొరికితే ఆ రంగులో బిగించి ఆరు నెలలు తిరిగినా కొంప మునగదు. సామాన్లు దొరుకుతాయో లేదోనన్న టెన్షన్ పెద్దగా వద్దు. మారుతి 800 తయారీ 2014లో ఆగినా, అదే 796 సీసీ ఇంజన్‌తో ఓమ్నీ 2019 దాకా వచ్చింది.

ఆ ఓమ్నీ ఇంజనే తెచ్చి పెట్టేస్తానని మేస్త్రి అంటే మాత్రం, ముందు ఆర్‌టీఓ అనుమతి తీసుకోవాలి, కొత్త ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఎక్కాలి. బిల్లు లేని ఇంజన్ దొంగ బండిదైతే జవాబు చెప్పుకోవాల్సింది మీరు.

ఇంకో ఖర్చు మేస్త్రి అంచనాలో లేదు. 1998 బండి రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు, తర్వాత ఐదేసి ఏళ్లు. ఆ లెక్కన మళ్లీ 2028లో రెన్యువల్. 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజును కేంద్రం 2025లో 10 వేలు చేసింది, గ్రీన్ ట్యాక్స్ వేరే. నా లక్షలో ఇది కూడా ఉంది. బండి రోడ్డెక్కే రోజు థర్డ్ పార్టీతో పాటు అగ్నిప్రమాదం, దొంగతనం కవర్ మాత్రం కలిపి ఇస్తారేమో రెండు మూడు కంపెనీల్లో అడగండి.

చివరికి తుక్కుకే ఇవ్వాలని తేలితే, ఇనుము కొట్టుకు తోసేయకండి. ఆర్‌సీ రద్దు కాని బండి చాసిస్ నంబరు ఎవరి చేతుల్లోనైనా పడవచ్చు. ప్రభుత్వం నమోదు చేసిన తుక్కు కేంద్రానికి ఇస్తే సర్టిఫికెట్ ఇస్తారు. ఎప్పుడైనా కొత్త కారు కొంటే దాంతో రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ, రోడ్డు పన్నులో 25 శాతం వరకు రాయితీకి కేంద్రం నిబంధనల్లో వీలుంది. మన రాష్ట్రంలో ఎంత ఇస్తున్నారో అప్పుడు ఆర్‌టీఓ ఆఫీసులో కనుక్కోండి.

మేస్త్రికి ఏం చెప్పాలో కూడా చెప్పేస్తాను. "మొత్తం కలిపి" అన్న అంచనా వద్దు, సామాను వేరే, కూలి వేరే రాసి ఇమ్మనండి. సామాను బిల్లులు మీ పేరున రావాలి, వీలైతే మీరే కొనివ్వండి. ఒక దశ పూర్తయ్యాకే తర్వాతి దశకు డబ్బు. దీనికి ఒప్పుకోకపోతే కావలిలోనే ఇంకో షెడ్డు చూసుకోండి, ఒంగోలు దాకా బండిని లాక్కెళ్లే ఖర్చు కూడా తప్పుతుంది.