పాత బండికి కిటికీ కూలర్: పది నిమిషాల తర్వాత ఉక్కపోత ఎందుకు?

ప్రశ్న: మాది పాత బండి, ఏసీ లేదు. ప్లాస్టిక్ డబ్బా, కూలర్ గడ్డి, చిన్న పంపు, 12 వోల్టుల ఫ్యాను పెట్టి నేనే ఒక కూలర్ తయారుచేసి వెనక కిటికీలో బిగించా. మొదట పది నిమిషాలు హాయిగా ఉంటోంది, ఆ తర్వాత లోపలంతా ఒకటే ఉక్క, సీట్లు కూడా చెమ్మగా అయిపోతున్నాయి. చల్లగాలి పోకూడదని అద్దాలన్నీ మూసే ఉంచుతున్నా. ఐసు ముక్కలు వేసినా పెద్ద తేడా లేదు. ఎక్కడ తప్పు చేశానండీ?

జవాబు: డబ్బాలో తప్పేం లేదండీ, అద్దాలు మూయడమే తప్పు. ఏసీ లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది కాబట్టి దానికి అద్దాలు మూయాలి, కూలర్‌కి అది పనికిరాదు. ఇది గాలిలోని వేడితో నీళ్లని ఆవిరి చేస్తుంది, ఆ ఆవిరంతా లోపలికే వస్తుంది, బయటికి దారి లేకపోతే పది నిమిషాల్లో గాలి తేమతో నిండిపోయి ఇక మీ ఒంటి మీద చెమట కూడా ఆరదు. కూలర్‌కి ఎదురువైపు, వీలైతే మూలకి మూలగా ఉన్న అద్దం నాలుగు వేళ్లంత దించండి. ఆ సందు దగ్గర పల్చటి కాగితం పట్టుకుంటే అది బయటికి ఎగరాలి, ఎగరకపోతే ఇంకాస్త దించండి. ఫ్యాను కూడా బయటి గాలినే గడ్డి గుండా లాగాలి, బండి లోపలి గాలిని కాదు.

ఐసు సంగతి. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి పీల్చుకుంటే, లీటరు నీళ్లు ఆవిరవడానికి సుమారు 2,400 తీసుకుంటాయి, అంటే ఏడు రెట్లు. అందుకే ఐసు కంటే గడ్డి పూర్తిగా తడవడం ముఖ్యం, ఎక్కడైనా పొడిగా ఉంటే వేడిగాలి అక్కణ్ణుంచే దూరిపోతుంది.

ఇదంతా పొడి ఎండలోనే అండీ. 40 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం ఉంటే మంచి గడ్డితో 26, 27 డిగ్రీల గాలి రావచ్చు. అదే 35 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న రోజున ఎంత గొప్ప కూలరైనా 30 కిందకి దించలేదు, ఆ రోజు పంపు ఆపేసి ఉత్త ఫ్యానే వేసుకోండి.

బిగింపు మాత్రం దయచేసి మళ్లీ చూసుకోండి, నాకు భయం వేసేది అక్కడే. పది లీటర్ల నీళ్లంటే పది కిలోలు, దాన్ని అద్దం అంచుకి వేలాడదీస్తే ఒక్క గతుకు చాలు, వెనక వచ్చే టూవీలర్ మీద పడొచ్చు. డబ్బాని లోపలి వైపు బలమైన బెల్టుతో బండి బాడీకే కట్టండి, కిటికీ సందుకి సరిపడా ప్లైవుడ్ ముక్క కోసి చుట్టూ రబ్బరు బీడింగ్ పెట్టండి. సైడు అద్దం డ్రైవర్‌కి కనపడకుండా అడ్డం వస్తే ఆ కిటికీ వద్దేవద్దు. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి, పాత వైరింగ్‌కి దీన్ని తగిలించకుండా వేరే వైరు లాగండి. ఇంజిన్ ఆపి ఫ్యాను తిప్పితే బ్యాటరీ దిగిపోతుంది.

సీట్లు తడవడం మలుపుల్లో నీళ్లు చిందడం వల్ల కూడా కావచ్చు, డబ్బాలో రెండు అడ్డపలకలు పెట్టండి. తలుపు లోపలికి నీళ్లు కారుతున్నాయా చూడండి, కారితే అడుగున ఉండే చిన్న రంధ్రాలు మూసుకుపోకుండా శుభ్రం చేయండి, లేదంటే తుప్పు మొదలవుతుంది. రాత్రిపూట నీళ్లు పూర్తిగా తీసేసి గడ్డి ఆరబెడితే వాసన రాదు.